కోడలొస్తే ఆగని మోటారు

లక్ష్మీపతిగారి ఫోన్ వచ్చినప్పుడు నా నోటి నిండా బొరుగుల ఉగ్గాని ఉంది.

“ఏమ్మా హేమావతీ, నిన్న సంఘంలో మాట్లాడుకున్నాము. మీ పెట్టెలు అరవై తీసుకుంటాము” అన్నాడాయన. శింగనమల చుట్టుపక్కల చీనీ తోటల, అంటే బత్తాయి తోటల, రైతులు కలిసి పెట్టుకున్న సంఘానికి ఆయన అధ్యక్షుడు. “అయితే ఒక మాట. వచ్చే బేస్తవారం పొద్దన్నే ఏడింటికి మీ మామ చేనికి వస్తాము. కరెంటు వచ్చేటప్పుడు మీ పెట్టె మోటారును ఎట్ల వేస్తాదో, ఎట్ల చూసుకుంటాదో కండ్లార చూస్తాము. బాగుండాదంటే ఆడనే ఖాయం.”

నేను ఉగ్గాని మింగి “సరే సార్” అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాక కూడా ఇంకో రెండుసార్లు అన్నాను. గోడ మీది క్యాలెండరులో వచ్చే వారపు గురువారం గడి చుట్టూ గీత గీశాను. ఆ రోజు మంగళవారం. మధ్యలో ఎనిమిది రోజులు.

ముందు గదిలో మారుతి ఒక మోటారుకు రాగి తీగ చుట్టడం ముగించి వార్నిష్ పూస్తున్నాడు. అనంతపురం పాతూరులోని ఆ వైండింగ్ షాపు ఆయనదే. ముందు గదిలో ఆయన మోటార్లు, వెనక గదిలో నా కంప్యూటరు, మధ్యలో మా పెళ్ళికి ఎవరో పెట్టిన నెమళ్ళ దుప్పటి పరదాగా. నేను పరదా తోసుకుని పోయి చెప్పగానే లేచి, చేతులకు వార్నిష్ ఉంది కాబట్టి రెండు అరచేతులూ పైకెత్తి, మోచేతులతో నన్ను దగ్గరికి లాక్కున్నాడు. రోడ్డు మీద పోయేవాళ్ళకు ఎవరో పోలీసులకు లొంగిపోతున్నట్టు కనిపించి ఉంటుంది. మాకు పెళ్ళయి అప్పటికి నలభై ఒక్క రోజులు. నేను లెక్కపెట్టడం ఇంకా మానలేదు.

ఈ పెట్టె ఏమిటో చెప్పాలి. బోరు మోటారుకు మూడు ఫేజుల కరెంటు కావాలి. మేముండే మా అత్తగారి ఊరికి అది పొద్దున ఏడింటికి వచ్చి సాయంత్రం నాలుగింటికి పోతుంది. మధ్యలో పోతూ వస్తూ ఉంటుంది. వచ్చినప్పుడల్లా రైతు చేనికి ఉరికి స్టార్టర్ నొక్కాలి. మా పెట్టె ఆ నొక్కే పని తానే చేస్తుంది. ఇంకో పని కూడా చేస్తుంది. బోరులో నీళ్ళు అయిపోతే మోటారు ఉత్తగా తిరిగి కాలిపోతుంది. అలా ఉత్తగా తిరిగేటప్పుడు మోటారు తీసుకునే కరెంటు బాగా తగ్గిపోతుంది. అది చూసి మా పెట్టె మోటారును ఆపి, ఎర్ర దీపం వెలిగించి, నీళ్ళు ఊరేదాకా రెండు గంటలు ఉలకకుండా ఉంటుంది. లోపలి తీగలన్నీ మారుతివి. దాన్ని నడిపించే ప్రోగ్రాం నాది. బీటెక్ చివరి సంవత్సరంలో ప్రాజెక్టు కోసం పాత స్టార్టర్ ఒకటి అడగడానికి గుంతకల్లు నుంచి ఆ షాపుకు వచ్చాను. స్టార్టర్ ఉత్తగా ఇచ్చాడు. తిరిగివ్వడానికి నేనే నాలుగుసార్లు వచ్చాను.

పెళ్ళయిన వారానికి మొదటి పెట్టెను మా మామ నరసింహప్ప చేనులో బిగించాం. అత్త తిప్పమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టింది. ఊళ్ళో అందరూ దాన్ని కోడలి పెట్టె అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, ఆపుకోను.

ఆ సాయంత్రం జిలేబీ పొట్లంతో ఊరు చేరాం. మామ జిలేబీ చేతిలో పట్టుకుని తినకుండా కూర్చున్నాడు.

“ఏం నాయనా, తీపి ఎక్కువైందా?” అన్నాడు మారుతి.

“తీపి బాగుండాది. పెట్టే బాగలేదు.” మామ నా వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. “నాలుగు దినాలాయె. పొద్దన్నే మోటారు వేస్తాది. అర్ధగంట కాకముందే ఎర్ర దీపం. రెండు గంటలు పండుకుంటాది. మళ్ళా లేస్తాది.”

“నీళ్ళు అయిపోయింటాయి మామా” అన్నాను.

“నీళ్ళు యాడికి పోతాయమ్మా? పెట్టె తప్పించి పాత స్టార్టర్ నొక్కితే పైపు నిండా వచ్చె.”

“నాలుగు రోజుల నుంచి ఆగుతాంటే చెప్పలేదేంటికి?”

దానికి అత్త జవాబిచ్చింది. “కొత్త కోడలికి మూడు నెల్లు నిండేదాకా చెడ్డమాట చెవిన వేయకూడదు. నీ పెట్టెను అంటే నిన్ను అన్నట్లే కదా. నాలుగు దినాలు నోరు పట్టుకునేదానికి మీ మామ పడిన అవస్థ నాకు తెలుసు.”

మామ అప్పుడు జిలేబీ నోట్లో పెట్టుకున్నాడు.

మరుసటి రోజు, బుధవారం, పొద్దున ఆరున్నరకే బండి మీద చేనికి వెళ్ళాం. మారుతి బండి సైలెన్సరు ఎప్పుడో పోయింది. మేము బయలుదేరితే ఊరంతటికీ తెలుస్తుంది. నన్ను దించి ఆయన షాపుకు పోయాడు. నేను మోటారు గదిలో బస్తా పరుచుకుని, పెట్టె తలుపు తెరిచి, దానికి నా ల్యాప్‌టాప్‌ను తీగతో కలిపి కూర్చున్నాను. పెట్టె లోపల ఏ క్షణాన ఏం జరుగుతోందో తెర మీద వరసగా పడుతుంది. ఏడింటికి కరెంటు వచ్చింది. పెట్టె టక్కుమంది, మోటారు మొదలైంది. నేను తెర మీద నుంచి కన్ను తీయలేదు. ఎనిమిదైంది, తొమ్మిదైంది. పెట్టె బుద్ధిమంతురాలిలా పని చేసింది.

పక్క చేను ఓబుళేసు గట్టు దాటి వచ్చాడు. మామను అన్నా అంటాడు కాబట్టి నాకు చిన్నమామ. తువ్వాలు నిండా పచ్చి శెనక్కాయలు తెచ్చి నా ముందు పోశాడు.

“ఏమమ్మా కోడలా, నీళ్ళు దండిగా పడుతాండాయా?”

“పడుతాండాయి చిన్నమామా. చప్పుడు వినపడలేదా?”

పైపు నీళ్ళు సిమెంటు తొట్టిలో పడే చప్పుడు తప్ప ఆ చుట్టుపక్కల ఇంకే చప్పుడూ లేదు. ఓబుళేసు తొట్టి దగ్గరికి పోయి, నీళ్ళలో చెయ్యి పెట్టి చూసి, తన చేనులో నీళ్ళయినట్టు తృప్తిగా వచ్చి కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా శెనక్కాయలు ఒలుచుకుంటూ నాకు తోడున్నాడు. తెర మీద అంకెలు పోతుంటే, “ఇది చదివితే కోపమొస్తాదా, నవ్వొస్తాదా?” అని అడిగాడు. చాలా మంచి ప్రశ్న అని చెప్పాను.

గురువారం షాపులో పని ఉండి నేను వెళ్ళలేదు. ఏడూ ఇరవైకి ఎర్ర దీపం.

శుక్రవారం మళ్ళీ ల్యాప్‌టాప్‌తో వెళ్ళాను. సాయంత్రం నాలుగు దాకా ఆగలేదు.

ప్రోగ్రాముల్లో ఇలాంటి తప్పులుంటాయని కాలేజీలో చదువుకున్నాను. వెతికితే దొరకవు, వెతకడం మానితే వస్తాయి. చూడటానికని మనం ఒక తీగ తగిలించినా, ప్రోగ్రాంలో ఒక వరస కలిపినా లోపలి పని రవ్వంత మారుతుంది. ఆ రవ్వంత మార్పుకే తప్పు కనిపించకుండా పోతుంది. డాక్టరు ముందు కూర్చోగానే తగ్గే పంటినొప్పి లాంటిదన్న మాట. పరీక్షలో దీని మీద ఐదు మార్కుల ప్రశ్న వస్తే బాగానే రాశాను. మోటారు గదిలో బస్తా మీద కూర్చున్నాక ఆ ఐదు మార్కులు ఎందుకూ పనికిరాలేదు.

నా మొదటి అనుమానం తీగ మీద. ల్యాప్‌టాప్ నుంచి పెట్టెకు కొంచెం కరెంటు అందుతుంది. ఆ ఊతంతో నిలబడుతోందేమో. శనివారం ల్యాప్‌టాప్ ఇంట్లో పెట్టి ఉత్త చేతులతో వెళ్ళి దీపం వైపు చూస్తూ కూర్చున్నాను. ఆగలేదు. రెండో అనుమానం వేడి మీద. ఆ గది పైకప్పు రేకులు. నేను కూర్చున్నప్పుడు పెట్టె తలుపు తెరిచి ఉంటుంది కాబట్టి చల్లబడుతోందేమో. ఆదివారం తలుపు మూసి, గది తలుపు కూడా మూసి, నలభై అడుగుల దూరంలో వేపచెట్టు కింద కూర్చున్నాను. షాపు సెలవు కాబట్టి మారుతి కూడా ఉన్నాడు. మా పక్కన ఓబుళేసు, ఆయన తువ్వాలు, శెనక్కాయలు. ఆగలేదు.

సోమవారం మేమిద్దరం షాపుకు పోయాం. ఏడూ పదిహేనుకు ఎర్ర దీపం.

ఆ సాయంత్రం సంగటి ముద్ద ముందు పెట్టుకుని మామ తీర్పు చెప్పాడు. “తీగా లేదు, వేడీ లేదు. పెట్టెకు కోడలంటే భయం.”

“భయమేంటికి? కాలు మంచిది” అంది అత్త. “ఆ పిల్ల చేనిలో కాలు పెడితే మోటారు ఆగదు. ఆడవాళ్ళు ఊరంతా అదే మాట అనుకుంటాండారు. నిన్న రామసుబ్బమ్మ వచ్చి, మా బోరు దగ్గరికి కూడా ఒకసారి పంపండి అని అడిగిపోయె.”

నాకు లోపల్లోపల సంతోషంగానే ఉంది, అబద్ధమెందుకు. కానీ మారుతి ముద్ద చారులో ముంచుకుంటూ అన్నాడు. “బాగుండాది. అరవై పెట్టెలకు అరవై మంది కోడళ్ళను యాడ తెచ్చేది?”

అత్త నవ్వింది. మామ నవ్వలేదు. ఆయన చెయ్యి కడుక్కుని బయటికి పోయి చాలాసేపు అరుగు మీద కూర్చున్నాడు. ఏప్రిల్ నెల. చీనీ చెట్లకు నిమ్మకాయంత కాయలు. పొద్దుటి నీళ్ళు రెండు గంటలు తప్పితే ఆ చెట్లకు ఏమవుతుందో గుంతకల్లు రైల్వే క్వార్టర్స్‌లో కుళాయి నీళ్ళతో పెరిగిన నాకు అప్పటికి సరిగా తెలియదు.

మంగళవారం షాపులో కూర్చుని ఒక కాగితం మీద రాశాను: ఆగిన రోజులు, ఆగని రోజులు. ఎన్ని విధాలుగా చూసినా రెండింటికీ తేడా నేనే. అయితే తప్పు నేను లేనప్పుడు వస్తుంది కాబట్టి, నేను లేకుండానే చూడాలి. అలమారలో నా కాలేజీ రోజుల ఫోన్ ఉంది, తెర పగిలింది గానీ మైకు బాగుంది. పొద్దున ఆరూ యాభై ఐదుకు తనంతట తాను రికార్డు మొదలుపెట్టేలా దానికి చిన్న ప్రోగ్రాం రాశాను. సాయంత్రం మారుతి పోయి దాన్ని మోటారు గదిలో ఎరువు బస్తాల వెనక మేకుకు సంచిలో తగిలించి వచ్చాడు.

“నాయనకు చెప్పొద్దా?” అన్నాడు.

“చెప్తే మీ నాయన కూడా పెట్టె మాదిరే అయిపోతాడు. మంచిగా నడుచుకుంటాడు.”

ఆ మాట అన్నాక నాకు కొంచెం సిగ్గేసింది. పెద్దాయన మాటలు దొంగతనంగా వినడం తప్పే. అయినా పెట్టించాను.

బుధవారం మామూలుగా షాపుకు వెళ్ళాం. లక్ష్మీపతిగారు ఫోన్ చేసి, రేపు ఐదుగురం వస్తున్నామని చెప్పాడు. సాయంత్రం ఇంటికి వస్తూ దారిలో ఫోన్ తీసుకున్నాం. పెట్టె ఆ పొద్దు ఏడూ పద్దెనిమిదికి ఆగింది. మా గదిలో మంచం మీద కూర్చుని ఇయర్‌ఫోన్ ఒకటి నేను, ఒకటి ఆయన పెట్టుకున్నాం. తీగ పొట్టిది. తలలు ఆనించి కూర్చోవాల్సి వచ్చింది, దానికి నాకేమీ అభ్యంతరం లేకపోయింది.

ముందు పిట్టలు. తర్వాత మామ చెప్పుల చప్పుడు, దగ్గు. ఏడింటికి పెట్టె టక్కుమంది. మోటారు మొదలైంది. తొట్టిలో నీళ్ళు. చాలాసేపు అదే. మారుతి నిద్రలోకి జారుతుంటే మోచేత్తో పొడిచాను. అప్పుడు దూరం నుంచి ఓబుళేసు గొంతు వినిపించింది.

“అన్నా, ఈ పొద్దు కోడలు వస్తాదా?”

“రాదప్పా. ఇద్దరూ షాపుకు పోయినారు” అన్నాడు మామ.

“అయితే నాది వేసుకుంటా.”

“వేసుకో.”

మారుతి లేచి నిటారుగా కూర్చున్నాడు. నా చెవిలోని ఇయర్‌ఫోన్ ఊడిపోయింది. మళ్ళీ పెట్టుకున్నాను. కాసేపటికి దూరంగా ఇంకో మోటారు గట్టిగా మూలిగింది. అదే క్షణంలో మా మోటారు గొంతు కిందికి దిగింది, బరువు మోస్తున్న మనిషి మోకాళ్ళు వంగినట్టు. టక్. నీళ్ళ చప్పుడు సన్నబడి ఆగిపోయింది.

“మళ్ళా ఆగెనా అన్నా?” ఓబుళేసు గొంతు ఈసారి దగ్గరగా వచ్చింది.

“ఆగె.”

“తీసి పారేయరాదా దాన్ని? చెట్లు చూడు, కాయలు ఎట్ల రాలుతాండాయో.”

“తీయొచ్చు. కోడలు నొచ్చుకుంటాది. బేస్తవారం దాకా ఉండనీలే. ఆమె మనుషులు వచ్చి చూసిపోనీ. పాత స్టార్టర్ వేసుకున్నానని తెలిసినా బాధపడుతాది, రెండు గంటలు ఊరికే ఉంటా. చెట్లదేముంది.”

చెట్లదేముంది. పదకొండేళ్ళ కింద ఆ మొక్కలను చిలమత్తూరు నుంచి బస్సు పైన వేసుకుని తెచ్చి, మొదటి ఎండాకాలం బిందెలతో మోసి బతికించిన మనిషి అన్నాడా మాట. నేను ఇయర్‌ఫోన్ తీసేశాను.

మారుతి కూడా తనది తీసేశాడు. తర్వాత తనకు తెలిసిన దాని గురించి మాట్లాడాడు. “ఓబుళేసు చిన్నాయన మోటారు నేనే మూడుసార్లు చుట్టినా. మూడోసారి చుట్టి ఇచ్చి పన్నెండు దినాలు, మన పెట్టె ఆగేది కూడా అప్పటి నుంచే. పాత పది గుర్రాల మోటారు అది. మొదలయ్యేటప్పుడు ఉన్న కరెంటంతా మింగుతాది. వాళ్ళదీ మనదీ ఒకే ట్రాన్స్‌ఫార్మర్. అది వేయగానే మనకు ఒక్క గడియ కరెంటు కుంగుతాది. పాత స్టార్టర్‌కు అది లెక్కలేదు, తట్టుకుంటాది.”

“నా పెట్టె తట్టుకోదు” అన్నాను.

ఎందుకు తట్టుకోదో ఆయన మాట పూర్తి కాకముందే నాకు కనిపించింది. కరెంటు కుంగగానే పెట్టెలోని చిన్న కంప్యూటరు ఆరిపోయి వెంటనే మళ్ళీ వెలుగుతుంది. కరెంటు పూర్తిగా పోయి వస్తే అది ముందు మోటారు వేస్తుంది, కానీ ఇలా రెప్పపాటు కుంగితే మోటారు తిరుగుతూనే ఉందన్న పాత గుర్తు పోదు కాబట్టి, వెలగగానే మోటారు ఎంత కరెంటు తీసుకుంటోందో చూస్తుంది. ఆ సరికి మోటారు ఆగి ఉంది కాబట్టి కరెంటు సున్నా. సున్నా అంటే నీళ్ళు లేవని నేనే దానికి నేర్పాను. ఇంకేముంది, ఎర్ర దీపం, రెండు గంటలు. మోటారును ముందు మొదలుపెట్టి, కాసేపు తిరగనిచ్చి, ఆ తర్వాత నీళ్ళ సంగతి చూడమని రాయాలి. షాపులో ఏడాది పాటు పరీక్షించాను. షాపులో ఇన్వర్టరు ఉంది. అక్కడ కరెంటు ఎప్పుడూ కుంగలేదు. తప్పు పెట్టెది కాదు, ఓబుళేసుది కాదు, పూర్తిగా నాది. ఇంత స్పష్టంగా నాది అని తేలడం ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఒక్కటే మిగిలింది. మారుతి పోయి ఓబుళేసును పిలుచుకొచ్చాడు. అత్త చాప వేసింది. మామ గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

“చిన్నమామా, నేను చేనికి వచ్చిన దినం నువ్వు మోటారు వేయవా?”

“ఎట్ల వేస్తానమ్మా? మారుతి బండి చప్పుడు వినపడితే చాలు, వేసేది కూడా ఆపుతా.”

“ఏంటికి?”

ఓబుళేసు మామ వైపు చూశాడు, ఇది కూడా చెప్పాలా అన్నట్టు. “నాది వేస్తే మీ పైపులో నీళ్ళు సన్నమైతాయి కదమ్మా. కొత్త కోడలు చేను చూసేదానికి వస్తే మెట్టినింటి నీళ్ళు సన్నంగా పడొచ్చునా? దండిగా పడాల, కోడలు చూడాల. ఎద్దులతో కపిల తోలి బావి నీళ్ళు తోడే కాలం నుంచి ఇది ఉండేదే. పక్క బావి వాళ్ళు ఆ పూట ఎద్దులు విప్పేసేటోళ్ళు, నీళ్ళు ఈ బావిలోకి ఊరనీ అని. ఒకటి రెండు దినాల మర్యాద. నువ్వేమో వారంలో నాలుగు దినాలు వస్తివి. నా చేను ఎండుతాండాదని నేను చెప్పుకోలేను కదా.”

“నీకు తెలుసా మామా?”

“తెలీకేం” అన్నాడు మామ. “మీ అత్త కాపరానికి వచ్చినప్పుడు వీళ్ళ నాయన కూడా ఎద్దులు విప్పినాడు. దాంట్లో ఏముండాది చెప్పేదానికి?”

అత్త గరిటె పట్టుకుని వాకిట్లో నిలబడిపోయింది. “ఇప్పుడా చెప్పేది? ముప్పై ఏండ్ల నుంచి నేను నా కాలు మంచిదనుకుంటాండా.”

మామ నవ్వాడు. పెళ్ళయిన నలభై తొమ్మిది రోజుల్లో ఆయన పళ్ళన్నీ చూడటం నాకు అదే మొదటిసారి. పైన ఎడమవైపు ఒకటి లేదు.

నవ్వు అయిపోయాక నేను సంచిలోని ఫోన్ తీసి ఆయన ముందు పెట్టాను. “ఇది నీకు చెప్పకుండా పెట్టినాము మామా. మాటలన్నీ విన్నాము. తప్పే.”

ఆయన ఫోన్‌ను ముట్టుకోలేదు. “అన్నీనా?”

“చెట్లదేముందన్నావు.”

“ఏదో నోరు జారిండాది” అని గోడ వైపు తిరిగాడు.

“నాకు మూడు నెల్లు నిండిపోయినాయి అనుకో మామా. ఇంగ చెడ్డమాట చెప్పొచ్చు. ఆగితే ఆగిందని ఆ పూటే చెప్పు.”

ఆయన తల ఊపాడు.

భోజనాలకు ముందే ప్రోగ్రాం సరిచేశాను. మొత్తం కలిపి నాలుగు వరసలు. చీకటి పడకుండా బండి మీద పోయి దాన్ని పెట్టెలోకి ఎక్కించి వచ్చాం. పని చేస్తుందో లేదో చూడాలంటే మూడు ఫేజుల కరెంటు కావాలి. అది నాలుగింటికే పోయింది. మళ్ళీ రేపు ఏడింటికి వస్తుంది. లక్ష్మీపతిగారు, ఇంకో నలుగురు రైతులు కూడా రేపు ఏడింటికే వస్తారు. ముందుగా ఒక్కసారి చూసుకునే వీలు లేదు.

మేము తిరిగి వచ్చేసరికి ఓబుళేసు ఇంకా చాప మీదే ఉన్నాడు. మేము లేనప్పుడు ఆలోచించుకున్నట్టున్నాడు. “నేనొక మాట చెప్తా కోడలా. దీనికింత తల బద్దలు కొట్టుకునేదేముంది? రేపు ఆ పెద్దమనుషులు ఉన్నంతసేపు నేను మోటారు వేయను. మీ పెట్టె ఆగదు. వాళ్ళు ఖాయం చేసి పోతారు. తర్వాత మీరు నిదానంగా చూసుకోండి.”

అది నిజమే. మేము ఏమీ చెప్పకపోయినా ఆయన వేసేవాడు కాదు. ఊరికి చుట్టాలొస్తే మర్యాద ఇంకా ఎక్కువ కదా. ఈ ఎనిమిది రోజులూ నేను వెతక్కపోయి ఉంటే, రేపు పెట్టె చక్కగా తిరిగేది, అరవై పెట్టెలూ అరవై చేలకు పోయేవి, అక్కడ ఎవరూ చూడని పొద్దున ఒకదాని తర్వాత ఒకటి ఆగేవి. మారుతి నా వైపు చూశాడు. నువ్వే చెప్పు అన్నట్టు కూర్చున్నాడు.

“వద్దు చిన్నమామా” అన్నాను. “వాళ్ళ చేలల్లో కూడా పక్కన ఒక ఓబుళేసు ఉంటాడు. ఆయన మాకు మర్యాద చేయడు.”

“ఆగిపోతే?” అన్నాడు మామ. గొంతు మామూలుగానే ఉంది. “ఐదుగురి ముందర ఆగిపోతే ఏం చేస్తావు?”

“ఆగితే వాళ్ళ ముందరే నువ్వు తీసేయి మామా. పాత స్టార్టర్ నొక్కి చెట్లకు నీళ్ళు పెట్టు. సరిచేసినాక మళ్ళా పిలుస్తామని లక్ష్మీపతిగారికి నేను చెప్పుకుంటా.”

మామ పంచె మడతలోంచి చీనీ కాయ ఒకటి తీసి, అటూ ఇటూ తిప్పి, నా చేతిలో పెట్టాడు. రాలిన కాయ. నిమ్మకాయంత ఉంది.

“అట్లే కానీ” అన్నాడు.

అత్త అడిగింది. “అయితే రేపు ఉగ్గాని ఎంతమందికి చేయాల?”

“వచ్చేవాళ్ళు ఐదుగురు, మనం నలుగురం, చిన్నమామ. పదిమందికి చేయి అత్తా. బజ్జీలు కూడా.” తర్వాత ఓబుళేసు వైపు తిరిగాను. “రేపు ఏడింటికి కరెంటు వస్తాది. పెట్టె మా మోటారు వేస్తాది. పావుగంట తిరగనీ. వాళ్ళందరూ పెట్టె ముందర నిలబడినాక నేను ఇదిగో, ఈ తువ్వాలు ఎత్తుతా. నువ్వు మా దిక్కు చూడొద్దు, కోడలు ఉండాదని చూడొద్దు. నీ మోటారు వెయ్యి. ఆపి మళ్ళా వెయ్యి. మూడుసార్లు.”

“నా తువ్వాలు నాకిచ్చేయమ్మా, శెనక్కాయలు యాడ పోసుకునేది” అన్నాడు ఓబుళేసు. “నువ్వు చెయ్యెత్తితే చాలు. మూడుసార్లు వేస్తా.”